ఏడడుగుల నీడ

నల్లప్ప రాజ్యానికి ఉత్తరాన ఎగువూరు, దక్షిణాన దిగువూరు, తూర్పున చెరువు కట్ట, పడమర ఎవరికీ అక్కరలేని తుమ్మబీడు సరిహద్దులు. రాజ్యం మొత్తం కలిపి ఒక తూము, ఒక కాలువ, ఆ కాలువ రెండుగా చీలే చోట పాతిన ఒక బండరాయి. సైన్యం లేదు, కోట లేదు. రాజదండం మాత్రం ఒకటి ఉండేది. తూము బిరడాను ఎత్తడానికీ దించడానికీ తాత కాలం నుంచి వస్తున్న చండ్రకర్ర అది. చేతులు పట్టే చోట మూడు తరాల చెమటకు నున్నబడి మెరిసేది.

చెరువు నీళ్ళను మళ్ళకు పంచే మనిషిని ఆ పక్క నీరుగంటి అంటారు. పంట వచ్చిన ఏడు రెండు ఊళ్ళ కళ్ళాల్లోనూ రైతుకు ఇన్ని మోపులని నీరుగంటికి వేస్తారు. పంట రాని ఏడు ఏమీ వెయ్యరు. అనంతపురం జిల్లాలో ఈ రెండు రకాల ఏళ్ళలో ఏవి ఎక్కువో అందరికీ తెలిసిందే గనుక, నల్లప్ప రాజభోగాలను ఇక్కడ వర్ణించే పని లేదు.

అతనికి గడియారం లేదు. అతడే గడియారం. ఎగువూరి ఆయకట్టు పెద్దది, దిగువూరిది అందులో సగం. కాబట్టి పొద్దు పొడిచిన దగ్గర నుంచి నీళ్ళు ఎగువూరికి. మధ్యాహ్నం వాలి నీరుగంటి నీడ ఏడడుగులైన దగ్గర నుంచి పొద్దు గూకేదాకా దిగువూరికి. నల్లప్ప బండరాయి పక్కన చదును నేలమీద తలగుడ్డ తీసి నిటారుగా నిలబడతాడు. తలనీడ పడిన చోట పెళ్ళాం భద్రమ్మ ఒక పుల్ల గుచ్చుతుంది. తర్వాత అతడే మడమకు బొటనవేలు ఆనిస్తూ పుల్లదాకా అడుగులు వేస్తాడు. ఏడో అడుగు పుల్లకు తగిలిందా, కాలువలో నీళ్ళకు అడ్డం వేసే మట్టికట్ట దిగువూరి పాయ నుంచి ఎగువూరి పాయలోకి మారుతుంది. పొడుగు మనిషికి పొడుగు పాదం, పొట్టి మనిషికి పొట్టి పాదం. అందుకని అతని తాత నీడా, నాయన నీడా, అతని నీడా ఒకే కాలం చెప్పాయి. ఇంత నమ్మకమైన యంత్రానికి తాళం తిప్పే పని కూడా లేదు. ఇంత సంగటి పెడితే చాలు.

ఇక సామ్రాజ్యాలు. ఎగువూరిని ఏలేది హనుమంతరాయుడు. ట్రాక్టరు, జీపు, వెనక పాతిక మంది. దిగువూరిని ఏలేది ఎర్రప్ప. లారీ, సారా దుకాణాలు, వెనక పాతిక మంది, వాళ్ళలో జైలు చూసి వచ్చినవాళ్ళు నలుగురు. ఈ ఇద్దరికీ వైరం ఎందుకు వచ్చిందో వివరంగా చెప్పగలిగినవాళ్ళంతా చనిపోయారు. చాలామంది ఆ వైరంలోనే చనిపోయారు.

డెబ్బై అయిదులో ఒకసారి నిండిన చెరువు మళ్ళీ ఆరేళ్ళు మొహం చూపలేదు. ఆ ఆరేళ్ళూ నల్లప్ప ఎవరికీ శత్రువు కాకుండా, ఎవరి దయా లేకుండా, భద్రమ్మతో కలిసి రోడ్డుపనికి కంకర కొట్టి బతికాడు. ఎనభై ఒకటి ఆశ్వయుజంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు చెరువు నిండి, మిగులు నీళ్ళు మరవ మీద పొర్లి పారాయి. రెండు ఊళ్ళూ కట్టమీద మేకను కోసి గంగమ్మకు మొక్కాయి. నల్లప్ప కూడా మొక్కాడు. అతని కష్టాలు ఆ రోజే మొదలయ్యాయి.

మర్నాడు హనుమంతరాయుడి మనిషి వచ్చి జరీ అంచు తలగుడ్డ ఇచ్చాడు. "అన్న ఇచ్చినాడు. కట్టుకో. కట్టుకోకుంటే అన్న బాధపడ్తాడు." అన్న బాధపడితే ఎవరి కాళ్ళు విరుగుతాయో నల్లప్పకు తెలుసు. ఆ సాయంత్రమే ఎర్రప్ప మనిషి మూడు బ్యాటరీల టార్చిలైటు తెచ్చాడు. "మాయన్న ఇచ్చినాడప్పా. చేతిలో పట్టుకోని తిరుగు. అందరికీ అగపడల్ల."

"ఏం చేస్తావు?" అంది భద్రమ్మ.

"రెండూ తీసుకుంటా."

"రెండూ తీసుకుంటే ఇద్దరూ కొడ్తారు."

"తీసుకోకున్నా ఇద్దరూ కొడ్తారు. తీసుకుంటే తలగుడ్డన్నా మిగుల్తాది."

అతడు కనిపెట్టిన రాజనీతి ఇది. పొద్దున నుంచి నీడ ఏడడుగులయ్యేదాకా జరీ తలగుడ్డ కట్టుకొని ఎగువూరి కాలువ వెంట తిరిగేవాడు. నీడ కొలిచాక తలగుడ్డను మూటలో దాచి, మంటలాంటి ఎండలో టార్చిలైటు వెలిగించుకొని దిగువూరి కాలువ వెంట తిరిగేవాడు. పట్టపగలు లైటు వేసుకొని నీళ్ళు వెతికే మనిషిని చూసి దిగువూరి ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. నల్లప్ప నవ్వేవాడు కాదు. రాజ్యపాలన నవ్వులాట కాదు.

అతని ఆశ చిన్నది. చెరువులో నీళ్ళు పుష్యమాసం చివరిదాకా వస్తాయి. ఒక్క గడియ కూడా అటూ ఇటూ కాకుండా పంచితే రెండు ఊళ్ళ వరీ గింజ పడుతుంది. ఆరేళ్ళ తర్వాత కళ్ళంలో మోపులు చూడాలి. కర్ర తన చేతుల్లోనే ఉండాలి. అంతే.

ఈ విషయాలన్నీ మాట్లాడుకోవడానికి అతనికి ఒక మంత్రి దొరికాడు. పామిడి నుంచి బదిలీ అయి వచ్చిన బడిపంతులు జయరాముడు. దిగువూరి బడికి గోడలు మూడే గనుక పంతులు మధ్యాహ్నం బువ్వ తినడానికి కట్ట కింద తుమ్మ నీడకు వచ్చేవాడు. అతని దగ్గర ఒక లావాటి చరిత్ర పుస్తకం ఉండేది. మాస్కోలో తెలుగులో అచ్చువేసి, వ్యానులో తెచ్చి సంతల్లో అమ్మినది. బియ్యం కంటే చౌకగా దొరికిందని కొన్నాడు.

"ఒక రాజు ఉండె నల్లప్పా" అన్నాడు ఒక రోజు. "పదమూడు వందల ఏండ్ల కింద. జార్జియా అని కొండల దేశం. పడమర ఒక చక్రవర్తి, తూర్పున ఒక చక్రవర్తి. నడమన ఈయప్ప."

నల్లప్ప నమలడం ఆపాడు. "పేరేమి అయ్యోరా?"

"స్తెఫానోజ్."

"ఎవురి పక్క ఉండె?"

"వాళ్ళ నాయన పడమటోళ్ళ పక్క. వాళ్ళు బిరుదు గూడా ఇచ్చిరి. ఈయన వచ్చేసరికి తూర్పు పారశీకోళ్ళ బలం జాస్తి అయ్యింది. అటు తిరిగినాడు. కానీ చూడు, దేశాన్ని ఏలతా కూడా నేను రాజునని ఎప్పుడూ చెప్పుకోలేదంట. చెప్పుకుంటే ఇద్దరికీ కోపం వస్తాదని భయం. పెద్దమనుషుల్లో నేనొక పెద్దోణ్ణి, అంతే, అనేవాడంట."

నల్లప్ప ముఖం వికసించింది. ఇంత పెద్ద ప్రపంచంలో తనకొక చుట్టం ఉన్నాడని అతనికి తెలియడం అదే మొదలు. "మంచి తెలివి అయ్యోరా ఆయప్పది. నేనూ అంతే కదా. నీరుగంటినని నేను యాడ చెప్పుకుంటాండా? కర్ర మోసేవాణ్ణి, అంతే." మళ్ళీ నమలడం మొదలుపెట్టి అడిగాడు. "ఆఖరుకు ఏమైనాడు?"

జయరాముడు ఆ పేజీలు ముందే చదివేశాడు. పుస్తకం మూసి, "ఇంకా అంతదూరం పోలేదప్పా" అన్నాడు.

ఆ రోజు నుంచి నల్లప్ప నీళ్ళు ఎట్లా పోతున్నాయో చూసినంత శ్రద్ధగా ఆ రాజు ఎట్లా ఉన్నాడో అడిగేవాడు. పంతులు రోజుకొక చిన్న ముక్క చెప్పి, చివరికి మాత్రం చేరేవాడు కాదు.

మార్గశిరం వచ్చేసరికి చెరువు సగమైంది. నీడ మీద అనుమానాలు మొదలయ్యాయి. నల్లప్ప గూనిగా వంగి నిలబడుతున్నాడని దిగువూరివాళ్ళు, మునికాళ్ళ మీద లేస్తున్నాడని ఎగువూరివాళ్ళు. ఎర్రప్ప ఒక చేతిగడియారం పంపించాడు. హనుమంతరాయుడు ఇంకొకటి పంపించాడు. రెండు గడియారాలకూ పావుగంట తేడా. ఏ గడియారం ఎవరికి లాభంగా తిరిగిందో చెప్పనవసరం లేదు. కత్తులు బయటికి వచ్చేలోగా పెద్దలు బండరాయి దగ్గర సంధి సభ పెట్టారు. గడియారాలు వద్దు, పాత నీడే మేలని తేలింది. రాసుకుందామన్నారు. రాయగలిగినవాడు జయరాముడు.

పంతులుకు అది జీవితంలో ఒకే ఒక్క అంతర్జాతీయ ఒప్పందం. తూకం వేసినట్టు రాశాడు. "నల్లప్ప ఎవరి సహాయమూ లేక, తనంతట తాను నిలబడగా పడు నీడ ఏడడుగులు అయినప్పుడు" అని రాసి, చదివి వినిపించి, తన వాక్యానికి తానే తల ఊపుకున్నాడు. హనుమంతరాయుడు సంతకం పెట్టాడు. ఎర్రప్ప వేలిముద్ర వేశాడు. నిమ్మకాయలు కోశారు. నల్లప్పను ఎవరూ అడగలేదు. సంధిపత్రాల్లో దేశాలను అడిగే ఆచారం లేదు.

సంధి పది రోజులు నిలిచింది.

పదకొండో రోజు జయరాముడు ఆ రాజు ఉన్న తిబిలిసి కోట ముట్టడి చెప్పాడు. పడమటి చక్రవర్తి, అతనికి తోడు వచ్చిన ఉత్తరాది రాజు కోటను చుట్టుముట్టి కూర్చుంటే, లోపలివాళ్ళు ఒక పెద్ద గుమ్మడికాయ తెచ్చి, దానికి ఆ ఉత్తరాది రాజు ముఖం గీశారట. రెప్పలు లేని కళ్ళు, చప్పిడి ముక్కు, గడ్డం దగ్గర నాలుగు వెంట్రుకలు. గోడమీద పెట్టి, "ఇదిగో మీ రాజు, దండం పెట్టుకోండి" అని అరిచారట.

నల్లప్పకు నవ్వు వచ్చింది. ఆ ఏడంతా నవ్వని మనిషి పొట్ట పట్టుకొని నవ్వాడు. "గుమ్మడికాయ! ఎర్రప్ప మొగానికైతే సరిగ్గా సరిపోతాది అయ్యోరా!" నవ్వుతూనే లేచి తలగుడ్డ తీసి నీడ కొలిచాడు. నవ్వుతూనే మట్టికట్ట మార్చాడు. నవ్వుతూనే, చేతులకున్న అలవాటు కొద్దీ, తలగుడ్డ మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. టార్చిలైటు తుమ్మచెట్టు కిందే ఉండిపోయింది. హనుమంతరాయుడి జరీ అంచు తలమీద మెరిపించుకుంటూ అతడు ఎర్రప్ప కాలువ వెంట అరమైలు నడిచాడు.

జైలు చూసి వచ్చిన నలుగురూ గట్టుమీదే ఉన్నారు.

"ఏమిరా, మా నీళ్ళ మీద వాని జెండా ఎగరేస్తాండావా?"

"మరిసిపోయినాన్నా. గుమ్మడికాయ..." అన్నాడు నల్లప్ప. ఆ జవాబు వాళ్ళకు అర్థం కాలేదు. పార కర్రతో నడుము మీద కొట్టారు. చంపాలని కాదు. నీరుగంటిని చంపితే నీళ్ళు రావు. ఆ మాత్రం ఆలోచన వాళ్ళకూ ఉంది.

తొమ్మిది రోజులు మంచంలో ఉన్నాడు. ఆ తొమ్మిది రోజులూ పొద్దు ఉజ్జాయింపుగా చూసి భద్రమ్మే కట్ట మార్చింది, రెండు ఊళ్ళ తిట్లూ తింది. పదో రోజు నల్లప్ప కర్ర ఊతంతో బండరాయి దగ్గరికి వచ్చి, కర్ర పక్కన పెట్టి, తనంతట తాను నిలబడ్డాడు. నడుము పైభాగం ముందుకు వంగి ఉండిపోయింది, సొరతీగకు వేలాడే కాయలాగా. భద్రమ్మ పుల్ల గుచ్చింది. అతడు అడుగులు వేశాడు. అయిదున్నర.

అందరూ ఎదురు చూశారు. పాదం పాత పాదమే. మనిషి మాత్రం జానెడున్నర తగ్గిపోయాడు. ఏడడుగులు కావడానికి ఇంకో ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా నీళ్ళు ఎగువూరికి పోయాయి.

ఎర్రప్పకు విషయం తలకెక్కడానికి రెండు రోజులు పట్టింది. తన మనుషులు తన నీళ్ళనే నరికేశారు. జీవితంలో మొదటిసారి అతడు ఒక మనిషిని బాగుచేయడానికి మనిషిని పంపాడు. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టడం నేర్చిన కొండప్ప వచ్చి, నల్లప్పను బోర్లా పడుకోబెట్టి, మోకాలు నడుము మీద పెట్టి భుజాలు వెనక్కి లాగాడు. నల్లప్ప అరుపు ఎగువూరికి వినిపించింది. వెంటనే హనుమంతరాయుడి నుంచి రాయబారం వచ్చింది.

"రోగిని హింస పెడ్తాండారంట. మాయన్నకు కడుపు తరుక్కపోతాంది. నల్లప్పను ఎట్లున్నోణ్ణి అట్ల వదిలేయల్ల" అన్నాడు రాయబారి.

"ఎట్లున్నోణ్ణి అట్ల వదిలితే మా మళ్ళు ఎండిపోతాయి" అన్నాడు కొండప్ప.

"కాగితంలో ఏముండాది? తనంతట తాను. నువ్వు లాగితే తనంతట తాను ఎట్లయితాది?"

నల్లప్ప బోర్లా పడుకొని ఈ చర్చ అంతా విన్నాడు. ప్రపంచంలో తన వెన్నెముక మీద ఇంతమందికి ఇంత ఆసక్తి ఉందని అతనికి ఎన్నడూ తెలియదు.

పుష్యం వచ్చింది. వరి పాలు పోసుకుంటోంది. చెరువులో ఇంకా ఇరవై రోజుల నీళ్ళు ఉన్నాయి, ఇరవై రోజులు చాలు. ఒక మధ్యాహ్నం బండరాయి దగ్గర రెండు ఊళ్ళూ నిలబడ్డాయి, ముందు వరసలో ఇద్దరు అన్నలూ. నల్లప్ప వంగి నిలబడ్డాడు. ఎర్రప్ప మనుషులు ఇద్దరు వచ్చి అతని చంకల్లో చేతులు వేసి పైకి లేపారు. "ఇదీ వాని అసలు ఎత్తు. ఈ నీడ కొలవండి!"

"దించండిరా!" అని ఎగువూరివాళ్ళు ఇద్దరు ముందుకు దూకి అతని భుజాల మీద బరువు వేసి కిందికి తొక్కారు. "కాగితం చూడండి! తనంతట తాను!"

"అన్నా, నొస్తాంది. ఓ అన్నా, విడ్సండి, ఇరవై దినాలే, నేను నిలబడ్తా..." అన్నాడు నల్లప్ప. ఏ అన్నను అన్నాడో తెలియలేదు. నలుగురిలో ఎవరూ విడవలేదు. పైకి ఇద్దరు, కిందికి ఇద్దరు. ఎండుకట్టె విరిగినట్టు ఒక చిన్న చప్పుడు అయింది.

నలుగురూ చేతులు తీసేశారు. నల్లప్ప కూర్చున్నట్టు కింద పడ్డాడు. నడుము కింద కాళ్ళు ఎవరివో అన్నట్టు పక్కకు పడి ఉన్నాయి.

భద్రమ్మ చేతిలోని పుల్ల అట్లాగే ఉంది. దాన్ని తెచ్చి ఎర్రప్ప ముందు ఒకసారి, హనుమంతరాయుడి ముందు ఒకసారి చాపింది.

"కొలుచుకోండప్పా" అంది. "ఇప్పుడు కొలుచుకోండి."

నిలబడలేని మనిషికి ఏడడుగుల నీడ పడదు. నీడ లేకపోతే సంధి లేదు. మర్నాడు తెల్లవారేసరికి ఎగువూరివాళ్ళు గడ్డపారలతో తూము దగ్గరికి వచ్చారు. దిగువూరివాళ్ళు అంతకంటే ముందే వచ్చి ఉన్నారు. నీళ్ళు ముందు తమకే రావాలని రెండు పక్కల నుంచీ తూమును పొడిచారు. తూము రాళ్ళు ఊడి కట్ట తెగింది. ఇరవై రోజుల నీళ్ళు ఒకటిన్నర రోజులో, రెండు కాలువల్నీ కాదని, పడమర తుమ్మబీడు మీదుగా పోయాయి. పాలు పోసుకున్న వరి తాలుగా మారింది. సంక్రాంతి తర్వాత పశువులు గడ్డిగా దాన్ని తిన్నాయి. అవి కూడా ఇష్టంగా తినలేదు.

ఆ తర్వాత చరిత్ర క్లుప్తం. కట్టను ఎవరూ పూడ్చలేదు. వాన కూడా తొందర పెట్టలేదు. హనుమంతరాయుడు బోరు వేయించాడు, ఎర్రప్ప రెండు వేయించాడు. చెరువుతో పని లేకపోయాక ఇద్దరికీ కొట్లాడుకోవడానికి ఏమీ మిగలక ఒకే పార్టీలో చేరి, రోడ్డు కాంట్రాక్టు ఉమ్మడిగా తీసుకున్నారు. భద్రమ్మ ఆ రోడ్డుకే కంకర కొట్టింది.

ఎనభై నాలుగు వేసవిలో జయరాముడికి లేపాక్షి పక్కకు బదిలీ అయింది. పోయేముందు నల్లప్ప గుడిసెకు వచ్చాడు. వాకిట్లో మంచం మీద నల్లప్ప సగానికి మడిచిన గోనెసంచిలా పడి ఉన్నాడు. పంతులు మంచంపట్టీ పట్టుకొని కూర్చున్నాడు.

"ఆ మాట నేనే రాసినా నల్లప్పా. తనంతట తాను అని."

"బాగా రాసినావు అయ్యోరా. అందరికీ అర్థమయ్యేట్టు రాసినావు." ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అన్నాడు. పంతులుకు ఎత్తిపొడుపే నయమనిపించింది.

"కర్ర యాడ?" అన్నాడు, ఏదో ఒకటి అడగాలి గనుక.

"పొయ్యిలోకి పోయింది" అంది భద్రమ్మ. "పోయిన చలికాలం నడుముకు కాపడం పెట్టేదానికి నీళ్ళు కాచల్ల. కట్టెలు యాడుండాయి?"

నల్లప్ప మాట మార్చాడు. "ఆ రాజు ఏమైనాడు అయ్యోరా? రెండేండ్లు దాటె. ఇంకా చదవలేదంటే నేను నమ్మను."

జయరాముడు నేల చూశాడు. "కోట వాకిట్లో చంపినారు. దినాం వాకిలి తెరిచి బయటికి వచ్చి కొట్లాడి పోతాండె. ఒక దినం సచ్చిపోయె."

"నిలబడే సచ్చినాడా?"

"నిలబడే."

"మరి దేశం?"

"పడమటి చక్రవర్తి ఇంకొకాయప్పకు ఇచ్చినాడు."

నల్లప్ప ఆ రెండు సంగతులూ విన్నాడు. అతని ముఖంలో కనిపించింది దుఃఖం కాదు, అసూయ.

"పెట్టి పుట్టినాడు" అన్నాడు. "నిలబడి సచ్చె. ఆయన జాగాలో నిలబడేదానికి ఇంకొకడు వచ్చె." తల కొంచెం తిప్పి పొద్దు చూశాడు. "భద్రీ, టైమయ్యింది. నిలబడు."

భద్రమ్మ కొంగు నడుముకు దోపి వాకిట్లో ఎండలోకి పోయి నిటారుగా నిలబడింది. రోజూ చేసే పనే కాబట్టి పంతులు ముందు సిగ్గుపడలేదు. మడమకు బొటనవేలు ఆనిస్తూ ఆమే తన నీడ వెంట నడిచింది. నల్లప్ప మంచం మీది నుంచి పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు.

"ఏడు" అన్నాడు. "ఇంక దిగువూరికి."

జయరాముడు గడియారం చూసుకున్నాడు. బస్సుకు వేళయింది. అతడు లేచి చెప్పులు వేసుకుంటుంటే, భద్రమ్మ వచ్చి మంచాన్ని గోడ నీడలోకి జరిపింది.